కిట్ లెన్స్ తర్వాత ఏది కొనాలి? మీ ఐదు ఫోటోలు చూశాక నా మాట

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. సోనీ ఏ6400, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్స్, కొని ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఒక్క లెన్స్‌కి సరిపడా డబ్బు చేతిలో ఉంది. సిగ్మా 18-50 ఎఫ్ 2.8, టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8, సిగ్మా 56 ఎఫ్ 1.4, సోనీ 70-350, ఈ నాలుగింట్లో ఏది తీసుకోమంటారు అన్నా అని అడిగారు. (కొత్తవాళ్ళ కోసం: ముందు అంకెలు ఎంఎం, అంటే ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లోకి వెలుగు ఎక్కువ వస్తుంది.) మీ ఫ్రెండ్ ఒకాయన ఇవేవీ వద్దు, నేరుగా ఇంకా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి వెళ్ళిపో అన్నారట. ఇంకా, నాన్నగారి ఫిల్మ్ కెమెరా నాటి నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 బీరువాలో ఉంది, అది దీనికి పనికొస్తుందా అని చివర్లో ఒక ప్రశ్న. వీటితో పాటు ఐదు ఫోటోలు పెట్టి, ప్రతిదాని కిందా షట్టర్ (ఎంతసేపు తెరుచుకుంది), ఎపర్చర్ (లెన్స్ ద్వారం ఎంత వెడల్పు, అదే ఎఫ్ అంకె), ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని ఎంత పెంచి చూపింది) రాశారు. ఆ అంకెలు రాసినందుకు మీకు థ్యాంక్స్ చెప్పాలి. అవి లేకపోతే నేను కూడా గాల్లో మాట్లాడేవాణ్ణి.

నేను పద్దెనిమిదేళ్ళుగా గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు తీస్తున్నాను, ముహూర్తాలు లేని మూఢాల్లో పక్షుల కోసం తిరుగుతాను. ఈ పద్దెనిమిదేళ్ళలో నాకు గట్టిగా తెలిసింది ఒకటే. లెన్స్ కొనేముందు చూడాల్సింది రివ్యూలు కాదు, మనం తీసి పాడైపోయిన ఫోటోలు. పాడైన ప్రతి ఫోటో తనకి ఏం తక్కువైందో తానే చెబుతుంది. వెలుగు చాలలేదా, దూరం అందలేదా, లేక లెన్స్‌కి సంబంధం లేని తప్పా? అది తేలితే సగం డబ్బు మిగులుతుంది. అందుకే మీ ఐదు ఫోటోలనీ ఒక్కొక్కటిగా చూద్దాం.

లంబసింగి ఫోటోతో మొదలుపెడతాను, ఎందుకంటే ఐదింట్లో అదే బెస్ట్. పొగమంచులో దుప్పటి కప్పుకుని నడుస్తున్న పెద్దాయన, పక్కన ఒకే ఒక్క చెట్టు. 16 ఎంఎం, ఎఫ్ 8, 1/125, ఐఎస్ఓ 200. దీన్ని ఇంతకు ఎన్నో రెట్లు ఖరీదైన లెన్స్‌తో తీసినా ఇంతకంటే పెద్దగా ఏం రాదు. కిట్ లెన్స్‌ని అందరూ తిడతారు గానీ, పగటి వెలుగులో ఎఫ్ 8 దగ్గర అది చక్కగా పనిచేస్తుంది, పైగా 116 గ్రాములే. పైన కుడి మూల ఒక మసక మచ్చ ఉంది, లెన్స్ పాడైందేమో అని రాశారు కదా, భయం లేదు, అది ముందు గాజు మీద చేరిన మంచు తడి. అలాంటి చోట ప్రతి పది నిమిషాలకీ ఒకసారి లెన్స్ ముందు చూసుకుని మెత్తటి గుడ్డతో అద్దాలి. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేటప్పుడు కెమెరాని బ్యాగులోనే జిప్ వేసి ఒక అరగంట వదిలేయండి. వెంటనే బయటకి తీస్తే గాజు మీద చెమ్మ పడుతుంది.

రెండోది రామప్ప గుడిలో మదనిక శిల్పం. మెత్తగా వచ్చింది, షార్ప్‌నెస్ లేదు, అందుకే మంచి లెన్స్ కావాలనిపించింది అన్నారు. టైమ్ చూస్తే మధ్యాహ్నం పన్నెండూ నలభై. అక్కడే ఉంది అసలు సంగతి. ఆ మదనికలు నల్లరాతివి, స్తంభాల పైనుంచి చూరు కింద వాలుగా నిలబడి ఉంటాయి. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఆ చూరు నీడంతా వాటి మీదే పడుతుంది, వెనక ఆకాశం మాత్రం తెల్లగా మెరిసిపోతుంటుంది. కెమెరా ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ తగ్గించేసింది, శిల్పం ముఖం నల్లముద్ద అయిపోయింది, మీరు ఎడిటింగ్‌లో దాన్ని లాగి పైకి తెచ్చారు, అప్పుడు గ్రెయిన్ వచ్చి వివరాలు పోయాయి. దీనికి ఏ లెన్సూ మందు కాదు. 1213లో కట్టిన గుడి, ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడే ఉంది, రేపు పొద్దున ఏడింటికి వెళ్ళినా ఉంటుంది. ఏటవాలు ఎండ పక్కనుంచి తగిలితే ఆ నల్లరాతి మీద నగల గీతలు, వేళ్ళ మడతలు వాటంతటవే లేచి కనిపిస్తాయి. మధ్యాహ్నమే తప్పకపోతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగుని మనం పెంచే సెట్టింగ్) ఒక స్టాప్ పైకి, అంటే వెలుగు రెట్టింపు అయ్యేలా పెట్టి, ఆకాశం పోతే పోనీ అనుకుని ముఖం కోసం తీయండి. ఇంకో చిన్నమాట, 50 దగ్గర ఎఫ్ 5.6 అంటే ఆ లెన్స్ పూర్తిగా తెరుచుకుని ఉన్నట్టు, ఎఫ్ 8కి తెచ్చుంటే అంచులు ఇంకాస్త గట్టిగా వచ్చేవి. ఈ ఫోటోలో లెన్స్ వల్ల వచ్చిన నష్టం ఒకటుంది. 50 చాలక మీరు శిల్పం కిందకే వెళ్ళి తల పైకెత్తి తీశారు, దాంతో కాళ్ళు పెద్దవిగా, ముఖం చిన్నదిగా వచ్చింది. కాస్త దూరం నుంచి 70కి పైన ఏదైనా లెన్స్‌తో తీస్తే ఆ కొలతలు సరిగా కుదిరేవి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు ఫోటో. మీ పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళిలో తలంబ్రాల సీను. ఇది చూసి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే క్షణం అద్భుతంగా పట్టుకున్నారు. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక కళ్ళు మూసేసింది, పెళ్ళికొడుకు దోసిలి పైకెత్తాడు, వెనక ఒకావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కానీ అతని చేతులు పొగలా చెదిరిపోయాయి, తలంబ్రాలు గింజలు కావు, తెల్లటి గీతలు. 50 ఎంఎం, ఎఫ్ 5.6, 1/60, ఐఎస్ఓ 6400. స్టెబిలైజేషన్ ఉంది కదా, ఎందుకు బ్లర్ అయింది అని అడిగారు. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుంది, పెళ్ళికొడుకు చేతుల్ని ఆపలేదు. మీ ఫోటోలోనే సాక్ష్యం ఉంది చూడండి, మండపం స్తంభం మీది పూలు ఒక్కొక్క రేకూ లెక్కపెట్టేట్టు వచ్చాయి. కదలనివన్నీ బాగున్నాయి, కదిలినవన్నీ పోయాయి. అంటే ఇక్కడ తక్కువైంది వెలుగు, దాని వల్ల షట్టర్ స్పీడ్.

ఎపర్చర్ లెక్క చాలామందికి గందరగోళంగా ఉంటుంది గానీ నిజానికి చాలా సింపుల్. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే లెన్స్‌లో వెలుగు వచ్చే ద్వారం వెడల్పు వస్తుంది. 50ని 5.6తో భాగిస్తే సుమారు 9 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ దూరేంత. 2.8తో భాగిస్తే 18, ఆ వెడల్పు రెట్టింపు అయితే వైశాల్యం నాలుగు రెట్లు. 1.4తో అయితే 36, అంటే మొదటిదానికి పదహారు రెట్లు వెలుగు. అదే మండపం, అదే ఐఎస్ఓ 6400, ఎఫ్ 2.8 లెన్స్ ఉండుంటే మీకు 1/60 బదులు 1/250 దొరికేది. చేతులు నిలిచిపోయేవి, గింజలు కొంచెం సాగినట్టు కనిపించేవి, నాకైతే ఆ కాస్త కదలికే ఇష్టం, లేకపోతే తలంబ్రాలు గాల్లో వేలాడదీసినట్టు ఉంటాయి. ఎఫ్ 1.4 ఉంటే 1/1000 దాకా వెళ్ళొచ్చు, లేదా 1/250 దగ్గరే ఉండి ఐఎస్ఓ 1600కి దించుకోవచ్చు.

అయితే 56 ఎఫ్ 1.4 కొనేయొచ్చు కదా అంటారు. మండపం ముందు ఎక్కడ నిలబడతారో ఆలోచించండి. ముందు వరసలో బంధువులు, వీడియో అతను, ఫోటోగ్రాఫర్, పురోహితుడు, మధ్యలో మీకు దొరికేది ఒక మూల. ఒక నిమిషం ఇద్దరి ముఖాలు కావాలి, వెంటనే మొత్తం మండపం కావాలి, ఆ తర్వాత కాళ్ళ దగ్గర మట్టెలు తొడగటం కావాలి. ముందుకీ వెనక్కీ నడవలేని చోట ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్‌తో చాలా పోగొట్టుకుంటారు. నేను 85 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) వాడతాను, కానీ నా రెండో బాడీ మీద ఎప్పుడూ జూమ్ ఉంటుంది. మీకు ఉన్నది ఒక్క బాడీ.

ఈ ఫోటోలోనే అడ్డంగా లేత పసుపు, బూడిద రంగు చారలు ఉన్నాయి, అవేంటని ఎవరూ అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. హాల్లో ఎల్ఈడీ లైట్లు చాలా వరకు కరెంటుతో పాటు సెకనుకి వంద సార్లు మినుకుతాయి, మన కంటికి తెలీదు. మీరు సైలెంట్ షూటింగ్ ఆన్‌లో పెట్టారు. అందులో సెన్సర్ ఒక్కో వరసనీ చదువుతూ పోతుంది కాబట్టి ఆ మినుకులు చారలుగా పడతాయి. పెళ్ళిళ్ళలో సైలెంట్ ఆఫ్ చేసి మామూలు షట్టర్ వాడండి. బాజాభజంత్రీల మధ్య మీ షట్టర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? అప్పటికీ చారలు వస్తుంటే 1/100కి దిగండి.

నాలుగో ఫోటో, వరండాలో మీ పాప. కిటికీ పక్కన కూర్చుని జడ వేయించుకుంటోంది, అమ్మ చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎంత చక్కటి ఆలోచనో. వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, నీలం రంగు ప్లాస్టిక్ బకెట్, స్కూటర్ హ్యాండిల్ అన్నీ స్పష్టంగా వచ్చి పాప ముఖంతో పోటీ పడుతున్నాయి. మీకు బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవాలి, అందుకే 56 ఎఫ్ 1.4 మీద మనసు పడ్డారు, ఆ ఆశలో తప్పేం లేదు. ఆ లెన్స్ నిజంగా మంచిది, 280 గ్రాములు, పూర్తిగా తెరిచినా షార్ప్‌గా ఉంటుంది, ఏ6400లో కంటిని పట్టుకునే ఆటోఫోకస్‌తో కలిస్తే పిల్లల ఫోటోలకి అంతకంటే ఏం కావాలి.

కానీ రెండు సంగతులు తెలుసుకుని కొనండి. మీటరున్నర దూరం నుంచి ఎఫ్ 1.4 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు సుమారు నాలుగు సెంటీమీటర్లు. కన్ను ఉంటుంది, చెవి కమ్మ ఉండదు. అమ్మ వేళ్ళు, జడ పాయలు, అసలు ఈ ఫోటోకి ప్రాణం అవే కదా, అవి మసకబారిపోతాయి. మీరు ఎలాగూ ఎఫ్ 2.8కి తెచ్చుకోవాల్సి వస్తుంది. రెండోది, అదే మీటరున్నర నుంచి నిలువుగా పట్టుకుంటే మీకు కనిపించేది అరవై సెంటీమీటర్ల చిల్లర, అంటే తల నుంచి ఛాతీ దాకా. మామూలు పది బై పన్నెండు గదిలో గోడకి ఆనుకుని నిలబడితే కూర్చున్న పిల్ల పడుతుంది గానీ, నిలబడ్డ పెద్దవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా పట్టరు. ఇంట్లో తీసేవాళ్ళు 56 కొని రెండు నెలల్లో 30 ఎఫ్ 1.4కి మార్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఇక ఈ ఫోటోకి డబ్బు అక్కర్లేని మందు ఒకటుంది, మీరు రెండడుగులు ఎడమకి జరిగితే వెనక ఖాళీ గోడ వచ్చేది.

ఇక్కడే నాన్నగారి లెన్స్ బయటకి తీయాలి. అది పనికొస్తుంది, చాలా బాగా పనికొస్తుంది. ఎందుకో చెబుతాను. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, లోపల అద్దం పైకి లేవడానికి జాగా కావాలి కాబట్టి లెన్స్ మౌంట్ నుంచి ఫిల్మ్ దాకా 46.5 మిల్లీమీటర్ల దూరం పెట్టారు. మీ సోనీలో అద్దమే లేదు, అందుకే ఆ దూరం 18 మిల్లీమీటర్లే. తేడా 28.5. ఆ ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లూ నింపడానికి ఒక బోలు లోహపు గొట్టం పెడితే చాలు, అదే అడాప్టర్. లోపల గాజు ఉండదు కాబట్టి నాణ్యత ఏమీ తగ్గదు, చవగ్గానే దొరుకుతుంది. పాత డీఎస్ఎల్ఆర్‌ల రోజుల్లో ఒక కంపెనీ లెన్స్ ఇంకో దానికి పెట్టాలంటే ఎంత తంటా పడేవాళ్ళమో, మిర్రర్‌లెస్ వచ్చాక నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

మెనూలో రిలీజ్ వితవుట్ లెన్స్ అనేది ఎనేబుల్ చేయండి, లేకపోతే షట్టర్ నొక్కినా పడదు. ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులకి రంగు వేసి చూపేది) ఎరుపు రంగులో పెట్టండి. ఎపర్చర్ లెన్స్ మీదున్న రింగుతోనే తిప్పాలి, ఫోకస్ చేత్తోనే చేయాలి. పాప పరిగెడుతుంటే కష్టం, కూర్చుని ఉంటే హాయిగా వస్తుంది. మీ కెమెరాలో ఉన్న చిన్న సైజు ఏపీఎస్-సీ సెన్సర్ మీద 50 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 75 చూపు, 56కి అది 84. రెండూ దగ్గర్లోవే. ఓ రెండు నెలలు దీంతో ఇంట్లో తీయండి. ఆ చూపు మీకు ఇరుగ్గా అనిపించకపోతే, ఫోకస్ చేత్తో తిప్పడం ఒక్కటే విసుగనిపిస్తే, అప్పుడు 56 కొనుక్కోండి, పశ్చాత్తాపం ఉండదు. పెట్టేముందు మాత్రం ఒక పని చేయండి. చీకటి గదిలో ఫోన్ టార్చి వెనకనుంచి వేసి, ముందునుంచి లోపలికి చూడండి. సాలెగూడులాంటి సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ఏళ్ళ తరబడి బీరువాలో బట్టల మధ్య ఉన్న లెన్స్‌లకి ఇది మామూలే, నాదొకటి కాకినాడలో రెండు వర్షాకాలాలు తోలు సంచిలో ఉండి అలాగే పోయింది. ఫంగస్ ఉంటే శుభ్రం చేయించేదాకా దాన్ని కొత్త లెన్స్‌ల పక్కన పెట్టకండి.

ఐదోది ఉప్పలపాడు కొంగ. మా వైపు ఊరు, కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఎర్రకాళ్ళ కొంగ గూటికి పుల్ల తెస్తోంది, రెక్కలు విప్పి బ్రేకు వేస్తున్న క్షణం. 50 దగ్గర తీసి క్రాప్ చేశారు, పిక్సెళ్ళు గడులుగడులుగా వచ్చాయి. లెక్క చూడండి. 350 ఎంఎం లెన్స్ చూపించేంత చూపు కోసం 50 ఫోటోని కోయాలంటే పొడవులో ఏడో వంతు, వెడల్పులో ఏడో వంతు మిగులుతుంది. అంటే మొత్తంలో నలభై తొమ్మిదో వంతు. 24 మెగాపిక్సెళ్ళ ఫోటోలో మిగిలేది అర మెగాపిక్సెల్. ఇక్కడ ఎడిటింగ్ పనికిరాదు, ఎఫ్ 2.8 పనికిరాదు, దూరం అందించే లెన్స్ ఒక్కటే దారి. రామప్ప శిల్పం కూడా ఇదే అడిగింది, గుర్తుందా.

సోనీ 70-350 ఈ బాడీకి సరిగ్గా కుదిరిన లెన్స్. 625 గ్రాములు, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 525 దాకా చూపు, మెడలో వేసుకుని పొద్దంతా తిరగొచ్చు. ఉప్పలపాడులో పక్షులు చెరువులో చెట్ల మీదే గూళ్ళు కడతాయి, గట్టు మీద నుంచే 350 చాలావాటికి సరిపోతుంది. అదే పులికాట్‌లో ఫ్లెమింగోలు, కొల్లేరులో నీటి మధ్య బాతులు అంటే సరిపోదు, అక్కడ 600 ఉన్నవాళ్ళు కూడా ఇంకా ఉంటే బాగుండనుకుంటారు. 350 దగ్గర అది ఎఫ్ 6.3 అని కంగారుపడకండి. ఎండ బాగా ఉంటే 1/2000కి ఐఎస్ఓ 400 చాలు, పొద్దున్నే ఏడు గంటలకి 1600 దాకా వెళ్తుంది, ఏ6400 దాన్ని బాగానే మోస్తుంది. పక్షి కన్నుని విడిగా గుర్తుపట్టే సదుపాయం మీ బాడీలో లేదు, 2023లో వచ్చిన ఏ6700లో ఉంది. మీరు ట్రాకింగ్‌లో చిన్న స్పాట్ పెట్టుకుని పక్షి మెడ దగ్గర పట్టుకుంటే, ఎగిరేవాటిల్లో కూడా సగానికి సగం దొరుకుతాయి. ఇలా దిగే కొంగ కోసం గూడు వైపే ముందుగా ఫోకస్ పెట్టుకుని కాచుకోండి. కొంగ వెంట కెమెరా తిప్పక్కర్లేదు, అదే గూటికి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. గూళ్ళ కిందకి మాత్రం వెళ్ళొద్దు. తల్లి లేచిపోతే కాకులు గుడ్ల మీద పడతాయి.

ఇప్పుడు తేల్చాల్సింది. మీ ఫోటోల్లో ఒకటి బాగుంది, ఒకటి టైమ్ తప్పు, ఒకటి వెలుగు తక్కువ, ఒకటి బ్యాక్‌గ్రౌండ్ గజిబిజి, ఒకటి దూరం అందనిది. ఐదు ఫోటోలతో జీవితం తేల్చకూడదు, కాబట్టి ఈ ఆదివారం ఒక గంట కూర్చోండి. ఏడాదిన్నరలో తీసినవన్నీ లైట్‌రూమ్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని, మెటాడేటా ఫిల్టర్‌లో ఫోకల్ లెంగ్త్ కాలమ్ పెట్టి చూడండి, ఏ ఎంఎం దగ్గర ఎన్ని తీశారో అంకెలు కనిపిస్తాయి. పక్కనే ఐఎస్ఓ కాలమ్ కూడా పెట్టండి. 3200 పైన, 30 నుంచి 50 మధ్య కుప్పగా ఉంటే మీకు ముందు కావాల్సింది ఎఫ్ 2.8 జూమ్. అన్నీ 50 దగ్గరే, ఐఎస్ఓ తక్కువలో, క్రాప్ చేసి ఉంటే 70-350. మీరు ఏడాదికి ఆరేడు పెళ్ళిళ్ళు, బారసాలలు, పాప డాన్స్ ప్రోగ్రాములు, ఉప్పలపాడు రెండుసార్లు అని రాశారు. దాన్ని బట్టి నేను పందెం కట్టేది ఎఫ్ 2.8 జూమ్ మీదే.

సిగ్మానా, టామ్రానా అనేది అంత తేలిక కాదు. మీ ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, కిట్ లెన్స్‌లో ఉంది. సిగ్మా 18-50కి లేదు, టామ్రాన్ 17-70కి ఉంది. కాగితం మీద చూస్తే టామ్రానే మేలు, పైగా 70 దాకా వెళ్తుంది. కానీ అది 525 గ్రాములు, మీ బాడీయే 403 గ్రాములు, ముందు బరువెక్కి మణికట్టు లాగుతుంది, ధర కూడా ఎక్కువే. సిగ్మా 290 గ్రాములు, కిట్ లెన్స్‌లాగే చిన్న సంచిలో పడుతుంది, పెళ్ళిలో పట్టుచీర కట్టుకున్న మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో కూడా సరిపోతుంది. ఎప్పుడూ వెంట ఉండే లెన్స్‌తోనే ఫోటోలు పడతాయి. మనుషుల్ని తీసేటప్పుడు ఎలాగూ 1/125 కంటే కిందకి వెళ్ళరు కాబట్టి స్టెబిలైజేషన్ లేని లోటు పెద్దగా తెలీదు. వీడియో ఎక్కువ తీస్తే మాత్రం మారు మాట లేకుండా టామ్రాన్, చేత్తో పట్టుకున్న వీడియో సిగ్మాతో ఊగిపోతుంది. మీరు వీడియో అరుదు అన్నారు, కాబట్టి సిగ్మా. లంబసింగిలాంటి వాటికి 16 దగ్గర కిట్ లెన్స్ ఉండనే ఉంది, దాన్ని అమ్మకండి, అమ్మినా ఏమంత రాదు.

మీ ప్రశ్న చూసి ఎవరో టామ్రాన్ 18-300 ఒక్కటి కొంటే అన్నీ అయిపోతాయి కదా అన్నారు. యాత్రలకి అది హాయిగా ఉంటుంది, కాదనను. కానీ తలంబ్రాల ఫోటో సంగతేంటి? 50 దగ్గర దాని ఎపర్చర్ మీ కిట్ లెన్స్‌కి పెద్ద తేడా ఉండదు. అదే చెదిరిన చేతులు మళ్ళీ వస్తాయి.

ఫుల్ ఫ్రేమ్ మాట. మీ ఫ్రెండ్ మంచి మనసుతోనే చెప్పారు, వెలుగు తక్కువ చోట పెద్ద సెన్సర్ ఒక స్టాప్ పైన లాభం ఇస్తుంది. కిట్ నుంచి ఎఫ్ 2.8కి వెళ్తే మీకు రెండు స్టాపులు వస్తాయి, ఆ బాడీ ధరలో చిన్న భాగానికే. బాడీ కొని మళ్ళీ ఎఫ్ 5.6 లెన్స్ పెట్టుకుంటే మీరు బయల్దేరిన చోటికే వచ్చినట్టు. ఏడాదిలోపు కచ్చితంగా ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తానని నిర్ణయం ఉంటే మాత్రం ఈ సిగ్మా మీద డబ్బు పెట్టకండి, ఇది ఏపీఎస్-సీ లెన్స్, 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ మీద పెడితే కోసుకుపోయి పదే మిగులుతాయి.

70-350ని వచ్చే చలికాలం రెండు రోజులు అద్దెకి తీసుకోండి. విజయవాడ, హైదరాబాద్‌లో కెమెరాలు అద్దెకిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. శనివారం తెల్లారి ఉప్పలపాడు, ఆదివారం కొల్లేరు. అప్పుడు మీకే తెలుస్తుంది 350 చాలుతుందో, 200-600 కోసం ఆగాలో. అది రెండు కిలోలు దాటుతుంది, ముందు ఎత్తి చూడాలి.

కొత్త లెన్స్ చేతికొచ్చిన రోజు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. నాకు ఒకసారి ఒక షాపులో కొన్న కొత్త జూమ్‌లో ఎడమ వైపంతా మెత్తగా వచ్చేది, లోపల ఒక గాజు కాస్త పక్కకి జరిగి ఉంది. నేను మూడు వారాలు ఆగి, రెండు పెళ్ళిళ్ళు తీశాక గమనించాను. అప్పటికి మార్చుకునే గడువు దాటిందన్నారు. గ్రూప్ ఫోటోల్లో ఎడమ చివర నిలబడ్డ వాళ్ళందరూ మసకే, ఆ పెళ్ళివాళ్ళకి ఏం చెప్పుకోవాలో తెలీలేదు.

అప్పటినుంచీ నా పద్ధతి ఇది. తెలుగు దినపత్రిక క్లాసిఫైడ్స్ పేజీలు ఐదు తీసుకుని, ఎండ నేరుగా పడని గోడ మీద నాలుగు మూలలకీ ఒక్కోటి, మధ్యలో ఇంకోటి అంటిస్తాను. కెమెరా ట్రైపాడ్ మీద గోడకి సరిగ్గా ఎదురుగా, రెండు సెకన్ల టైమర్, ఎఫ్ 2.8. 18 దగ్గర ఒకటి, 35 దగ్గర ఒకటి, 50 దగ్గర ఒకటి. తర్వాత కంప్యూటర్‌లో వంద శాతం పెద్దది చేసి మూలల్లో వత్తులు చూస్తాను. మన లిపి దీనికి చాలా బాగా పనికొస్తుంది. క్ష, ష్ట, త్ర కింద ఉండే సన్నటి వంకరలు, డకీ ఢకీ మధ్య ఉన్న చిన్న గీత, ఇవి లెన్స్ ఏమాత్రం తడబడినా ముందు కలిసిపోతాయి. మధ్యకంటే మూలలు కొంచెం మెత్తగా ఉండటం సహజం. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉంటే లెన్స్ బాగున్నట్టే. మూడు బాగుండి ఒక్క మూల వత్తులు అలికినట్టు ఉంటే ఇంకో రెండుసార్లు తీసి చూడండి, మళ్ళీ అదే మూల అయితే ఆ రోజే తీసుకెళ్ళి మార్చించుకోండి. బిల్లు మీద లెన్స్ సీరియల్ నంబర్ రాయించుకోవడం మర్చిపోకండి, వారంటీ అడిగినప్పుడు అదే ఆధారం.

ఆ తలంబ్రాల ఫోటో రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైల్) ఉంచుకున్నారా? ఉంటే బ్లాక్ అండ్ వైట్ చేసి, పెళ్ళికూతురు ముఖం వరకు నిలువుగా కట్ చేసి చూడండి. చారల రంగు పోయి అంతగా కనిపించవు, చేతులు ఫ్రేమ్ అంచుకి జరుగుతాయి, ఆ నవ్వు మిగులుతుంది. నేను ఆ పెళ్ళి తీసుంటే ఆల్బమ్‌లో తప్పకుండా పెట్టేవాణ్ణి.